పరదేశి పళ్ళేనికో న్యాయం, మన పళ్ళేనికో న్యాయం

తూర్పు ఢిల్లీలోని ఘాజీపూర్ చేపల బజారులో తెల్లవారకముందే బేరాలు మొదలవుతాయి. ఐసు నింపిన పెట్టెల మూతలు తీయగానే కనిపించే శీలావతి, బొచ్చె చేపలలో చాలా భాగం కొల్లేటి పరిసరాల చెరువుల నుంచి లారీలలో వచ్చినవే. కొద్ది గంటల తరువాత చిత్తరంజన్ పార్కు బజారులో బెంగాలీ గృహిణి ఆ చేప మొప్పను వేలితో ఎత్తి చూసి గాని సంచిలో వేసుకోదు. మొప్ప రంగు చేప తాజాదనాన్ని తెలుపుతుంది. ఆ చేప చెరువులో ఏమి తిన్నదో, ఏ మందు మింగిందో, ఆ మందు ఎవరి అనుమతితో మేతలో కలిసిందో మొప్ప చెప్పదు. చెప్పవలసిన యంత్రాంగం ఈ రాజధానిలోనే ఉన్నది. అయితే అది నాలుగైదు మంత్రిత్వశాఖల మధ్య చీలి ఉండడం చేత ఎవరిని అడిగినా మరొకరి పేరు చెప్పడం పరిపాటి అయినది.

ఈ ప్రశ్న ఇప్పుడు లేవనెత్తడానికి కారణం లేకపోలేదు. చేపల, రొయ్యల పెంపకంలో యాంటీబయాటిక్ మందుల వాడకాన్ని తగ్గించాలన్నది చాలాకాలంగా ప్రభుత్వం ప్రకటిస్తూ వస్తున్న విధానమే. మందులకు లొంగని క్రిములను ఎదుర్కొనేందుకు 2017లో తొలి జాతీయ కార్యాచరణ ప్రణాళిక వెలువడినది. 2025 నవంబరులో రెండవ ప్రణాళికను విడుదల చేశారు. ఆహారం కోసం పెంచే జంతువులలో కొలిస్టిన్ వాడకాన్ని 2019లో నిషేధించారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను అటువంటి జంతువుల కోసం తయారు చేయడాన్ని, అమ్మడాన్ని 2025లో నిషేధించారు. మంచిదే. కాని రైతు చేతిలో నుంచి ఒక మందు తీసివేసినప్పుడు ఆ చేతిలో మరేదో పెట్టక తప్పదు గదా! ఆ ఖాళీ స్థానంలోకి నేడు వచ్చి కూర్చున్న వస్తువు ప్రొబయాటిక్, అంటే మేతలో కలిపి తినిపించే మేలు చేసే సూక్ష్మజీవి. భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాలలో చేపల మందుల దుకాణం ఏది చూచినా అరల నిండా ఈ పొట్లాలూ డబ్బాలే దర్శనమిస్తాయి.

పాలలో తోడు వేసే ప్రతి తెలుగు ఇల్లాలికీ ఈ శాస్త్రంలోని మూలసూత్రం తెలుసు. మంచి తోడు పడితే చెడ్డ క్రిమికి చోటు ఉండదు. పెరుగు తినే జనులు దీర్ఘాయుష్కులని వాదించిన రష్యన్ శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్‌కు 1908లో నోబెల్ బహుమతి వచ్చినది. బహుమతి వచ్చినది వేరే పరిశోధనకే అయినప్పటికీ ఈ వాదానికి ఆద్యుడు ఆయనే. చేపల విషయంలో తొలి ప్రయోగం జపానులో జరిగినది. అక్కడి కొజాసా అనే శాస్త్రజ్ఞుడు బాసిల్లస్ జాతి సూక్ష్మజీవి బీజాలను ఎల్లోటెయిల్ అనే సముద్రపు చేపకు మేతతో పెట్టి ఫలితాలను 1986లో ప్రకటించాడు. ఆ తరువాత 1998లో థాయ్‌లాండ్ పరిశోధకులు టైగర్ రొయ్యపైనా, మొరియార్టీ అనే శాస్త్రజ్ఞుడు ఇండోనీషియా రొయ్యల చెరువులలోనూ బాసిల్లస్ ప్రభావాన్ని గురించి ప్రచురించిన పత్రాలు ఈ వ్యాపారానికి దారి తీశాయి. తగినంత సంఖ్యలో ఇచ్చినప్పుడు ఆతిథ్యమిచ్చిన ప్రాణికి ఆరోగ్యం కలిగించే సజీవ సూక్ష్మజీవులని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2001లో నిర్వచనం చెప్పాయి. ఈ నిర్వచనంలో రెండు మాటలను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. ఒకటి "తగినంత సంఖ్య". రెండవది "సజీవ". మన బజారులో గల్లంతయ్యేవి సరిగ్గా ఈ రెండే.

మన గండు చేపల కడుపు నిర్మాణాన్ని గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు వంటి చేపలకు మనకున్నట్లు జీర్ణకోశం ఉండదు. పొడుగాటి ప్రేగు మాత్రమే ఉంటుంది. ఆమ్లపు పరీక్ష లేదు గనుక నోటి ద్వారా వెళ్ళిన సూక్ష్మజీవి బ్రతికి ప్రేగు చేరడానికి మనిషిలో కంటె చేపలో అవకాశం ఎక్కువ. అయితే చేప శీతల రక్తజీవి. దాని ప్రేగు వేడి చెరువు నీటి వేడిని బట్టి మారుతుంది. మనిషి శరీరపు వేడికి అలవాటుపడిన సూక్ష్మజీవి మాఘమాసపు చెరువులో అంత చురుకుగా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుచేతనే చేప ప్రేగు నుంచే తీసి పెంచిన జాతులు మేలని పరిశోధకులు భావించారు. శాంతినికేతనంలోని విశ్వభారతి పరిశోధకులు శీలావతి ప్రేగులో దొరికిన బాసిల్లస్ జాతులనే తిరిగి మేతలో కలిపి పిల్లచేపలకు పెట్టి, పెరుగుదలలోనూ మేత వినియోగంలోనూ మెరుగుదలను 2000 దశకం ఆరంభంలో నమోదు చేశారు. మన దేశపు శాస్త్రజ్ఞులు బాసిల్లస్ సబ్టిలిస్‌ను శీలావతికి తినిపించి, ఆపైన ఏరోమోనాస్ క్రిమిని ఎక్కించి చూడగా, తినని చేపల కంటె తిన్న చేపలు ఎక్కువగా బ్రతికినట్లు 2006లో ప్రకటించారు. ఏరోమోనాస్ అంటే మన చెరువులలో చేప ఒంటిపై ఎర్రటి మచ్చలు, పుండ్లు కలిగించే క్రిమి. రైతుకు చిరపరిచితమైన శత్రువు.

ఈ మేలు ఏ విధంగా కలుగుతుంది? పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను, పీచును విడగొట్టే ఎంజైములను ఈ జీవులు విడుదల చేస్తాయి. తవుడు, చెక్క మీద ఆధారపడిన మన మేతలలో చేప తనంతట తాను జీర్ణం చేసుకోలేని భాగం చాలా ఉంటుంది. పెంపకపు ఖర్చులో సగానికి మించి మేతకే పోతున్నప్పుడు, ఆ మేతలో నూటికి ఐదు పాళ్ళు అదనంగా ఒంటికి పట్టినా రైతుకు అది చిన్న మొత్తం కాదు. ఇవిగాక, చెడ్డ క్రిమికి ప్రేగు గోడపై చోటు దొరకకుండా చేయడం, చేప సహజ రోగనిరోధక శక్తిని మేల్కొలపడం ఇతర ప్రయోజనాలు. ఇంతవరకు శాస్త్రం సందేహాతీతమే అనవచ్చు.

సందేహమంతా ప్రయోగశాల తొట్టికీ పది ఎకరాల చెరువుకూ మధ్య ఉన్న దూరంలో ఉన్నది. తొట్టిలో నీరు శుభ్రం, చేపల సంఖ్య లెక్క ప్రకారం, మేత తూకం ప్రకారం. కొల్లేటి చెరువులో చిల్లుల సంచులలో తవుడు నింపి, నీటిలో పాతిన కర్రలకు కడతారు. చేపలు వచ్చి చిల్లులను పొడుచుకొని తింటాయి. ఆ తవుడులో కలిపిన పొడిలో ఎంత చేప నోటికి అందుతుందో, ఎంత నీటి పాలవుతుందో కొలిచి చూచేదెవరు? పరిశోధకులు సాధారణంగా గ్రాము మేతకు పది లక్షల నుంచి వంద కోట్ల వరకు జీవకణాలు ఉండేటట్లు కలుపుతారు. రైతుకు తెలిసిన కొలత చెంచాలు, గుప్పెళ్ళు. బాసిల్లస్ బీజరూపంలో ఉన్నప్పుడు గుళికల మేత తయారీలో తగిలే వేడిని ఓర్చుకుంటుంది. లాక్టోబాసిల్లస్ ఓర్చుకోలేదు. దానిని గుళిక తయారయిన తరువాత నూనెతో గాని జిగురుతో గాని పైన అద్దవలసిందే. వేసవిలో రేకుల షెడ్డులో నిలవ ఉంచిన పొట్లంలో ఏ జీవి మిగిలి ఉన్నదో సూక్ష్మదర్శినికే తెలియాలి. ఇక చెరువులో ఈ రోజు క్రిమిసంహారకం చల్లి, రేపు మేలు క్రిములను వదలడం, మేతలో ఒకవంక యాంటీబయాటిక్, మరొకవంక ప్రొబయాటిక్ కలపడం వంటి విడ్డూరాలు కూడా జరుగుతున్నాయి. ఒక చేత్తో చంపినదానిని మరొక చేత్తో కొని తేవడమన్నమాట. రెండు పొట్లాలూ ఒకే దుకాణంలో దొరకడం యాదృచ్ఛికం కాదు.

ఈ సందర్భంలో ప్రొబయాటిక్ చేయలేని పనులు కూడా చెప్పాలి. 1990 దశకం మధ్యలో మన కోస్తాను కుదిపివేసిన తెల్లమచ్చ వ్యాధి వైరస్ వల్ల వచ్చేది. వనామి రొయ్య ఎదుగుదలను ఆపివేసే ఈ.హెచ్.పి. అనే వ్యాధికి కారణం కణం లోపల దాగే పరాన్నజీవి. చేప పేను ఒంటిని పట్టి రక్తం పీల్చే పురుగు. వీటిలో దేనికీ మేతలోని బాసిల్లస్ మందు కాజాలదు. యాంటీబయాటిక్ లేకుండా చేపల పెంపకం సాధ్యమా అని అడిగేవారికి నార్వే ఉదాహరణ చెబుతారు. 1987లో అక్కడి సాల్మన్ పరిశ్రమ 50 టన్నులకు దగ్గరగా యాంటీబయాటిక్ వాడినది. నేడు అంతకు అనేక రెట్లు చేపను ఉత్పత్తి చేస్తూ టన్ను కంటె తక్కువ మాత్రమే వాడుతున్నది. నిజమే. కాని ఆ విజయాన్ని సాధించినది ప్రధానంగా టీకా. పైగా ఎక్కడ ఎన్ని చేపలు పెంచాలో, ఏ పంజరానికి ఎంత విరామం ఇవ్వాలో శాసించిన ప్రభుత్వం దాని వెనుక ఉన్నది. ప్రొబయాటిక్ అమ్మేవారు నార్వే పేరు చెప్పేటప్పుడు ఈ సంగతి వదలివేస్తారు.

ఇక న్యూఢిల్లీ సంగతికి వద్దాం. మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం చేపల పరిశ్రమ రాష్ట్రాల జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాల అవతలి చేపల వేట మాత్రమే కేంద్రానిది. మందులు, విషపదార్థాలు ఉమ్మడి జాబితాలోనివి. ఆహారపదార్థాల కల్తీ కూడా ఉమ్మడి జాబితాలోనిదే. ఈ మూడింటి మధ్య ప్రొబయాటిక్ పొట్లం ఎక్కడ పడుతుంది? ఇది రోగాన్ని నయం చేస్తుందని అమ్మితే మందు. అప్పుడు 1940 నాటి మందుల చట్టం వర్తించాలి. మేతలో కలిపే పదార్థమని అమ్మితే మేత. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ఆహారానికి చెప్పిన నిర్వచనంలో నుంచి పశువుల మేతను స్పష్టంగా మినహాయించింది. కనుక అంగడిలో ఉన్న చేపను ఆహార భద్రతా ప్రాధికార సంస్థ పరీక్షించవచ్చును గాని, ఆ చేప తిన్న పొట్లం దాని పరిధిలోనిది కాదు. నీటిని బాగుచేసే పదార్థమని అమ్మితే మందూ కాదు, మేతా కాదు. ఒకే పొడికి మూడు విధాలుగా చీటీ అంటించే స్వేచ్ఛ తయారీదారుకు ఉన్నప్పుడు అతడు ఏది ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు.

మనిషి తినే ప్రొబయాటిక్‌ల సంగతి ఇలా లేదు. వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక శాఖ కలిసి 2011లోనే మార్గదర్శకాలు ప్రకటించాయి. జాతి పేరు మాత్రమే గాక ఆ జాతిలోని ప్రత్యేక శాఖను కూడా గుర్తించాలనీ, చీటీ మీద రాయాలనీ నిర్దేశించాయి. ఆ పైన వచ్చిన ఆహార నిబంధనలు రోజుకు తీసుకొనే మోతాదులో కనీసం పది కోట్ల జీవకణాలు ఉండాలని చెప్పాయి. మనిషి కడుపులోకి నేరుగా వెళ్ళే క్రిమికి ఇంత లెక్క. చేప కడుపు మీదుగా వెళ్ళేదానికి దేశమంతటికీ వర్తించే లెక్క ఏదీ లేదు.

సముద్రతీరపు రొయ్యకు కొంత కాపలా ఉన్న మాట వాస్తవమే. రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన చరిత్రాత్మకమైన తీర్పు తరువాత ఒక ప్రాధికార సంస్థ ఏర్పడినది. 2005 నాటి చట్టం కింద చెన్నై కేంద్రంగా కోస్తా ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ వెలిసినది. చెరువులలో వాడే పదార్థాలలో నిషిద్ధ యాంటీబయాటిక్‌లు లేవని పరీక్షలు చూచి నమోదు చేసే పద్ధతిని అది ప్రవేశపెట్టింది. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. మూడేళ్ళ వరకు ఉన్న జైలు శిక్షను తొలగించి జరిమానాలు పెట్టింది. హానికరమైన మందుల వాడకాన్ని చట్టంలోనే నిషేధించింది. చెరువులలో వాడే పదార్థాలకు ప్రమాణాలు నిర్ణయించే అధికారాన్ని కూడా ప్రాధికార సంస్థకు ఇచ్చింది. ఇదంతా హర్షించదగినదే. అయితే నమోదు పత్రం చెప్పేది ఆ పొట్లంలో చెడ్డది లేదని మాత్రమే. మంచిది ఉన్నదని కాదు. పొట్లంలో కేవలం తవుడూ సున్నమూ ఉన్నా యాంటీబయాటిక్ పరీక్షలో అది నెగ్గుతుంది.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఆ చట్టంలో కోస్తా పెంపకం అన్న మాటకు చెప్పిన నిర్వచనం మంచినీటి పెంపకానికి వర్తించదని స్పష్టంగా పేర్కొన్నది. ఉప్పునీటి రొయ్య చట్టం లోపల ఉన్నది. మంచినీటి చేప బయట ఉన్నది. అంకెలు చూడండి. 2022-23లో దేశంలో మొత్తం చేపల ఉత్పత్తి 175 లక్షల టన్నులకు పైగా ఉండగా అందులో 131 లక్షల టన్నులు లోతట్టు ఉత్పత్తే. ఆంధ్రప్రదేశ్ ఒక్కటే సుమారు 51 లక్షల టన్నులు అందించినది. ఉప్పునీటి చెరువుల రొయ్య పది లక్షల టన్నులకు కొంచెం పైన మాత్రమే. అనగా జనం నిత్యం తినే చేపకు లేని కాపలా దానిలో పదవ వంతు కూడా లేని రొయ్యకు ఉన్నది.

ఈ తారతమ్యానికి కారణం రహస్యమేమీ కాదు. రొయ్యను తినేవాడు పరదేశి. 2024-25లో మన సముద్రోత్పత్తుల ఎగుమతి విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో 43,334 కోట్లు ఘనీభవించిన రొయ్యదే. ఐరోపా సమాజం 2006 జనవరి 1 నుంచి తమ దేశాలలో పశువుల పెరుగుదల కోసం యాంటీబయాటిక్ వాడడాన్ని పూర్తిగా నిషేధించింది. మన పెంపకపు రొయ్యల సరుకులో పదింట ఒకటిగా జరిపే తనిఖీని 2016లో సగానికి పెంచింది. ఆ దేశాలకు ఎగుమతి చేసే జంతు ఉత్పత్తులకు కూడా అక్కడి యాంటీబయాటిక్ నిబంధనలు 2026 సెప్టెంబరు నుంచి వర్తింపజేయాలని నిర్ణయించుకొన్నది. ఇక అమెరికా 2025 ఆగస్టులో మన సరుకుపై సుంకాలను 50 శాతానికి చేర్చినప్పుడు గోదావరి జిల్లాల రైతు ఎంత తల్లడిల్లినాడో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అమెరికా తలుపు ఇరుకైతే ఐరోపా తలుపు తట్టక తప్పదు. ఐరోపా తలుపు తెరుచుకోవడానికి మందు జాడ లేని రొయ్య కావాలి. వాణిజ్య శాఖకు ఉన్న తొందర ఇక్కడి నుంచి పుట్టినదే.

కాని తిరస్కరించే హక్కు పరదేశికి మాత్రమే ఉన్నదనుకుంటే పొరపాటు. 2018లో చేపల నిలవకు ఫార్మాలిన్ వాడుతున్నారన్న కలకలం పుట్టినప్పుడు అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపను కొద్ది రోజులపాటు నిషేధించింది. 2019 జనవరిలో పాట్నా నగరంలో ఆంధ్ర చేప అమ్మకాన్ని పదిహేను రోజులు ఆపివేశారు. అది మేతకు సంబంధించిన దోషం కాదు, రవాణాకు సంబంధించిన ఆరోపణ. అయినా పాఠం ఒక్కటే. పరీక్షించి ధ్రువపరచే నమ్మకమైన సంస్థ లేనప్పుడు, నాలుగు పెట్టెలపై వచ్చిన అనుమానం నలభై లారీలను ఆపుతుంది. దోషం చేసినవాడూ చేయనివాడూ ఒకే ధరకు తెగనమ్ముకోవలసి వస్తుంది.

పొరుగు దేశాన్ని చూచి నేర్చుకోవడానికి మనకు కొంత బిడియం ఎక్కువ. బంగ్లాదేశ్ మంచినీటి రొయ్యలో నైట్రోఫ్యూరాన్ జాడలు కనిపించినందున ఆ దేశం 2009లో ఐరోపాకు ఎగుమతిని తానే స్వయంగా కొన్ని నెలలు నిలిపివేసినది. ఆ మరుసటి సంవత్సరమే, 2010లో, చేపల మేత, పశువుల మేతల చట్టం చేసినది. ఆ చట్టం మేత తయారీకీ అమ్మకానికీ లైసెన్సును తప్పనిసరి చేసి, మేతలో యాంటీబయాటిక్‌లు, పెరుగుదల హార్మోనులు కలపడాన్ని నిషేధించినది. చట్టం ఉన్నంత మాత్రాన అక్కడ అంతా సవ్యంగా ఉన్నదని చెప్పను. మైమెన్‌సింగ్ జిల్లా పంగాసియస్ చెరువుల వద్ద కూడా రంగురంగుల పొట్లాలు విరివిగానే అమ్ముడుపోతున్నాయి. అయినా ఫిర్యాదు చేయదలచిన రైతుకు అక్కడ ఒక చట్టం పేరు తెలుసు.

మన వద్ద ఆ పని ఆంధ్రప్రదేశ్ చేసినది. 2020లో చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టాన్ని శాసనసభ ఆమోదించినది. దేశానికి మార్గదర్శకమని చెప్పుకోదగిన చొరవ ఇది. కాని మేత, మేతలో కలిపే పొడులు ఒక రాష్ట్రంలో తయారై, మరొక రాష్ట్రంలో పొట్లం కట్టబడి, మూడవ రాష్ట్రంలో చెరువులో పడుతున్నప్పుడు ఒక్క రాష్ట్ర చట్టం ఎంతవరకు చేయి చాపగలదు? భారత ప్రమాణాల సంస్థ చేపల మేతకు 2014లో ప్రమాణాలు ప్రకటించింది. మేతలో మాంసకృత్తులు ఎంత, కొవ్వు ఎంత, తేమ ఎంత అన్న లెక్కలు అందులో ఉన్నాయి. మేతలో బ్రతికి ఉన్న జీవి విషయం వేరు. దాని లెక్క తయారైన రోజున ఒకటి, దుకాణానికి చేరిన రోజున మరొకటి, చెరువులో పడిన రోజున ఇంకొకటి.

అన్ని సూక్ష్మజీవులూ నిరపాయకరమైనవని భావించడం కూడా ప్రమాదమే. పైన చెప్పిన జపాను ప్రయోగంలో వాడిన బాసిల్లస్ వంశం కథనే తీసుకోండి. చేపలకు ప్రొబయాటిక్ అన్న ఆలోచనకు ఆద్యమైన ఆ జీవిని ఐరోపాలో పందులు, కోళ్ళు, కుందేళ్ళ మేతలో చాలా సంవత్సరాలు అనుమతించారు. తీరా పరిశీలించి చూడగా దానిలో టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ మందులను తట్టుకునే జన్యువులు ఉన్నట్లు తేలినది. 2013లో ఐరోపా దాని అనుమతిని నిలిపివేసినది. మందులకు లొంగని క్రిములను తగ్గించడానికి తెచ్చిన జీవి తానే ఆ గుణాన్ని మోసుకొని రావడం కంటె విపరీతం ఏమున్నది? అదే ఐరోపా, పెడియోకాకస్ అనే వేరొక సూక్ష్మజీవిని శాఖ పేరుతో, కనీస సంఖ్యతో సహా పేర్కొని, సాల్మన్ జాతి చేపలకూ రొయ్యలకూ 2009లో అనుమతించినది. ఒక దానిని వద్దనగలిగినది గనుకనే మరొక దానిని ధైర్యంగా సరేననగలిగినది. మన దేశంలో మంచినీటి చేప విషయంలో సరేననే సంస్థా లేదు, వద్దనే సంస్థా లేదు.

ఇన్ని ఆంక్షలు పెడితే చిన్న తయారీదారు మూతపడి పెద్ద కంపెనీల గుత్తాధిపత్యం వస్తుందన్న అభ్యంతరం కొందరు చెబుతారు. తోసిపుచ్చదగిన వాదం కాదిది. లైసెన్సుల రాజ్యంలో ఈ దేశం ఎంత నష్టపోయిందో ఈ రాజధానిలో అందరికీ తెలుసు. బెల్లం, తవుడు, ఈస్టు పులియబెట్టి తన చెరువులో తానే పోసుకునే రైతును ఎవరూ లైసెన్సు అడగకూడదు. ఆ ద్రావణం అతని సొంత అనుభవం, సొంత నష్టభయం. కాని పొట్లం కట్టి, ధర వేసి, చీటీ మీద ఫలానా జీవి ఇన్ని కోట్లు ఉన్నదని అచ్చువేసి అమ్మేవాడిని ఆ మాట నిజమా అని అడగడం ఆంక్ష అనిపించుకోదు. విత్తనానికి మొలక శాతం అడుగుతున్నాము. ఎరువుకు నత్రజని శాతం అడుగుతున్నాము. జీవన ఎరువులను సైతం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చి గ్రాముకు ఎన్ని జీవకణాలు ఉండాలో నిర్దేశించాము. పొలంలో వేసే సూక్ష్మజీవికి ఉన్న లెక్క చెరువులో వేసేదానికి ఎందుకు ఉండరాదో వ్యవసాయ శాఖ, మత్స్యశాఖ పక్కపక్కన కూర్చుని ఒక్క పూటలో తేల్చుకోగలవు.

రైతును నిందించి ప్రయోజనం లేదు. చెరువులో సగానికి సగం కౌలు భూమి. కౌలు సొమ్ము ముందే చెల్లించాలి. మేత, మందులు అరువు మీద వస్తాయి, పట్టుబడి అయినప్పుడు తీరుస్తారు. అరువిచ్చిన దుకాణదారే చేప జబ్బును చూచి మందు చెప్పే వైద్యుడు కూడా. అటువంటివాడు పొట్లం చేతిలో పెట్టినప్పుడు వద్దనగల ధైర్యం రైతుకు ఎక్కడిది? వేయకుండా చేపలు పోతే, వేసి ఉంటే బ్రతికేవేమోనన్న బాధ జీవితాంతం మిగులుతుంది. వేసిన తరువాత పోతే అది గ్రహచారం. ఈ వ్యాపారం నిలబడినది సూక్ష్మజీవి బలం మీద కంటె ఈ భయం మీదనే అని నా అనుమానం.

2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనకు 20,050 కోట్ల రూపాయల పెట్టుబడి నిర్దేశించారు. చెరువుల తవ్వకం, హేచరీలు, శీతల గిడ్డంగులు, మేత మిల్లులు, ప్రయోగశాలలు అందులో భాగం. ఆ ప్రయోగశాలలలో నీటి పరీక్షలు జరుగుతాయి, రొయ్య పిల్లకు వైరస్ పరీక్షలు జరుగుతాయి. రైతు కొనితెచ్చిన ప్రొబయాటిక్ పొట్లాన్ని విప్పి పళ్ళెంలో పెంచి, అందులో ఉన్నది చీటీ మీద రాసిన జీవియేనా, బ్రతికి ఉన్నదెంత అని లెక్కపెట్టడానికి ఖరీదైన యంత్రమేమీ అక్కరలేదు. కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం చదివిన కుర్రవాడు రెండు రోజులలో చేయగల పని అది. భీమవరంలో, కైకలూరులో, నెల్లూరులో ఒక్కొక్క కేంద్రంలో నామమాత్రపు రుసుముకు ఈ పరీక్ష జరిపి, కంపెనీ పేరుతో సహా ఫలితాలను గోడ మీద అంటించే ఏర్పాటు చేయడానికి కొత్త చట్టం దాకా పోనక్కరలేదు. చట్టం కావాలంటే దానికి వేరే దారి ఉన్నది. మత్స్యశాఖ వ్యవహారాలు వ్యవసాయ, పశుసంవర్ధక, ఆహారశుద్ధి వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం పరిధిలోకి వస్తాయి. మంచినీటి చేపకు వాడే పదార్థాలకు జవాబుదారీ ఏ శాఖ అని ఆ సంఘం లిఖితపూర్వకంగా అడిగితే, మూడు శాఖలు మూడు సమాధానాలు ఇచ్చినా సరే, అవి కనీసం ఒకే కాగితం మీదకు వస్తాయి. మన ఎంపీలలో చేపల చెరువుల ప్రాంతాల నుంచి వచ్చినవారు తక్కువేమీ కాదు. వారిలో కొందరికి సొంత చెరువులే ఉన్నాయని ఢిల్లీలో అందరూ అనుకుంటారు. సుంకాల విషయమై వారు సభలో గొంతెత్తినప్పుడు పత్రికలన్నీ ప్రచురించాయి. ఘాజీపూర్‌కు వచ్చే పెట్టెను గురించి ఎవరైనా ప్రశ్న వేస్తే దానిని కూడా ప్రచురించడానికి ఈ విలేఖరి సిద్ధంగా ఉన్నాడు.